నౌపడమ్మ కేసు

కూర్మారావు నాలుగు తెల్లకాగితాల మధ్య మూడు కార్బన్లు పెట్టాడు. అంచులన్నీ ఒక్కటయ్యేదాకా బల్లమీద తట్టి, మిషన్లోకి ఎక్కించి, పైకాగితం వంకర లేదు కదా అని వంగి చూసుకున్నాడు.

"మూడు చాలండి," అంది జయకుమారి. "ప్రొఫెసరుగారు మూడే అడిగారు."

"నాలుగోది ఆఫీసు కాపీ."

"ఇది ఆఫీసు కాదు కదండీ."

"మిషనున్న సోటల్లా ఆఫీసే అమ్మాయ్. రేపు పోస్టులో పోయిందనుకో, ఎవులి దగ్గరికొత్తావు? నా దగ్గరికే వత్తావు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. కాపీ ఉంచుకోకుండా ఒక్క కాయితం బయటికి పంపనేదు."

పగలు అతను ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర టైపిస్టు. సాయంత్రాలు ఉక్కు కార్ఖానా ఊరు టాటాలో, బారిడీహ్‌లోని తన క్వార్టరు వరండాలో అద్దె మిషన్ పెట్టుకుని తెలుగువాళ్ళ అర్జీలు, సెలవు దరఖాస్తులు, స్త్రీల సంఘం మినిట్సు కొడుతుంటాడు. జయకుమారి తండ్రి ఈ ఊళ్ళో అందరికీ పలాస విల్సన్ కాబట్టి, కూర్మారావుకి ఆమె పలాసోళ్ళ అమ్మాయి.

"రాంచీ పిచ్చాస్పత్రికి మనోళ్ళు తీసుకెల్తే ఎల్లినోళ్ళని సూసాను గాని, సొంతంగా అర్జీ పెట్టుకున్నదాన్ని నిన్నే సూత్తన్నాను," అని నవ్వి, "సెప్పు," అన్నాడు.

ఆమె తన చేతిరాత చూసి ఇంగ్లీషులో చదువుతూంటే అతను కొడుతున్నాడు. వరస ముగిసి మిషన్ గంట కొట్టినప్పుడల్లా ఆగి, అతను బండి వెనక్కి నెట్టేదాకా ఉండి, మళ్ళీ మొదలుపెట్టేది.

"పేరు?"

"ఎస్. చుక్క. అంతే."

"ఎస్ అంటే ఎవులు?"

"పేరు రాయకూడదండీ. అది పద్ధతి."

ఆ పద్ధతి ఆమెకి కంఠతా వచ్చు. పేరు దాచు, మిగిలినవేవీ మార్చకు, ఒక్కటి మార్చినా అది కేసు కాదు, కథ అవుతుంది అని ప్రొఫెసరుగారు క్లాసులో ఎన్నోసార్లు చెప్పారు. ఆమె ఏదీ మార్చలేదు. వయసు నలభై రెండు. వితంతువు. క్రైస్తవం. స్వస్థలం నౌపడ, శ్రీకాకుళం జిల్లా. సిద్ధగోరా శిశుగృహంలో ఆయా.

నౌపడ దగ్గర కూర్మారావు వేళ్ళు ఆగాయి. కళ్ళజోడు పైనుంచి ఆమెని ఒకసారి చూసి, మళ్ళీ కొట్టాడు. ఆమె దాన్ని స్పెల్లింగు అనుమానం అనుకుంది.

ఏడు పేజీలు పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. అతను కాగితాలు విడదీసి, నాలుగోది సొరుగులో పెట్టి, మిగతా మూటికీ గుండుసూదులు గుచ్చి అందించాడు.

"ఈవిడ పిల్లల్ని బాగా సూసుకుంటాదా?"

"చాలా బాగా. అదీ రాశాను కదండీ, ఐదో పేజీలో."

"ఐదో పేజీ దాకా ఎవులు సదువుతారమ్మా," అన్నాడు కూర్మారావు మిషన్ మీద గుడ్డ కప్పుతూ.

మర్నాడు ఎ షిఫ్టు దిగి వచ్చిన విల్సన్ ఇంకా ఒళ్ళు తుడుచుకోకముందే కాగితాలు అడిగాడు. చేతులు మాత్రం సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చి, కుర్చీలో కూర్చుని, ఒక్కో పేజీ తిప్పాడు. ఇంగ్లీషు అతనికి క్రేన్ బోర్డుల మేరకే వచ్చు. అయినా ఏడు పేజీలూ తిప్పాడు.

"ఎమ్మే అయిపోనాక ఇంకా ఏటి సదువే?" అంది తల్లి జ్ఞానరత్నం వంటింట్లోంచి, అడగడం ఇదే మొదలైనట్టు.

జయకుమారి కూడా మొదటిసారి చెప్తున్నట్టే చెప్పింది. ఎమ్మేతో సైకాలజీ పుస్తకాలు చెప్పడం వస్తుంది. మనసు బాగులేనివాళ్ళ పక్కన కూర్చుని పనిచేయాలంటే ఆస్పత్రిలో ఉండి రెండేళ్ళు నేర్చుకోవాలి, డిప్లొమా పుచ్చుకోవాలి. తనకి తెలిసినంతలో అలా నేర్పేవి రెండే చోట్లు. బెంగళూరులో కొన్నేళ్ళుగా ఉంది, రాంచీలో ఈ మధ్యనే పెట్టారు. పట్నాలో రీసెర్చి చేయొచ్చు గాని, అది మళ్ళీ పుస్తకాలే.

"బెంగళూరోళ్ళు పోయినేడు పిలవనేదు గదా," అంది జ్ఞానరత్నం.

"అనుభవం లేదన్నారు. అందుకే ప్రొఫెసరుగారు ఈసారి అప్లికేషన్‌తో పాటు నేను సొంతంగా ఒక మనిషిని చూసి రాసిన కేసు ఒకటి పంపమన్నారు."

"రాంచీ అయితే నా వీక్లీ ఆఫ్‌కి బస్సెక్కి ఎల్లి సూసి వచ్చీగలను," అన్నాడు విల్సన్. ఇరవై ఏళ్ళు క్రేన్ కేబిన్లో కూర్చున్నవాడు; ఇంట్లోనూ అతని గొంతు కింద నిలబడ్డవాళ్ళకి వినపడేట్టే ఉంటుంది. "నిన్న నాతో పన్జేసే బలరామ్ గాడు అడిగాడు, బేటీ కో రాంచీ భేజ్ రహే హో, కూతుర్ని రాంచీ పంపుతన్నావంట, ఎన్నాళ్ళనించి ఒంట్లో బాగునేదు అని."

"నువ్వేటన్నావు?" అంది జ్ఞానరత్నం గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి.

"దాని సంగతి తరవాత, అది డాక్టరయ్యాక ముందు నీకే మంచం ఇప్పిత్తాదని సెప్పాను."

"డాక్టరు కాదు నాన్నా."

"ఆడికి నువ్వు ఏదయితేనేటి?"

చాపమీద లెక్కలు చేసుకుంటున్న చెల్లెలు సువర్ణ తల ఎత్తకుండానే, "దీదీ పాగల్‌ఖానా జాయేగీ, అక్క పిచ్చాస్పత్రికి పోతాది," అని పాడింది. తల్లి గరిటె ఎత్తింది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక విల్సన్ కాగితాలు మడత పడకుండా కూతురికిచ్చి, మాట ఇంకోసారి ఖాయం చేసుకున్నాడు. మిషనరీ స్కూల్లో జూన్‌కి ఒక టీచరు ఖాళీ ఉంది. రాంచీ ఈ ఏడు కాకపోతే ఇక అదే. మళ్ళీ అర్జీలు లేవు.

"అలాగే నాన్నా," అంది జయకుమారి.

ఫారంలో ఇక ఒక్క సంతకం మిగిలింది. బంధువులు కాని పెద్దమనిషి ఎవరైనా ఆమె నడతకి, మాటకి పూచీ పడాలి. ఇంజనీరు జానకిరామ్‌గారు పెడతానన్నారు. ఫారం వాళ్ళింట్లోనే ఇచ్చి ఉంచింది. శనివారం పోస్టు చేస్తే గడువులోపల రాంచీ చేరుతుంది.

బుధవారం ఉదయం ఆమె శిశుగృహానికి వెళ్ళింది. పని ఏమీ లేదు. ఆరు వారాలపాటు వారానికి మూడురోజులు వెళ్ళిన అలవాటు.

సిద్ధగోరాలో రెండు గదుల క్వార్టరు అది. గోడనుంచి గోడకి ఇనప పైపు, దానికి పాతచీరల ఉయ్యాలలు పదకొండు. నడక వచ్చినవాళ్ళకి పక్కగది. ఇటుకలు, మట్టి మోసే ఆడకూలీలు, ఇక్కడి మాటలో రేజాలు, ఏడున్నరకల్లా పిల్లల్ని దింపి పోతారు. రమణిగారు సెక్రటరీగా ఉన్న స్త్రీల సంఘం దాన్ని నడుపుతుంది. సవరమ్మ అక్కడ తొమ్మిదేళ్ళుగా ఆయా. సూరమ్మ అనే ఇంకో ఆవిడ నీళ్ళు మోసి గుడ్డలు ఉతుకుతుంది.

సవరమ్మ పీటమీద కాళ్ళు చాపుకుని, కాళ్ళమీద మూడునెలల పిల్లని బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తోంది. అరచేతిలో నూనె ముందు తన మోచేతికి తాకించి వేడి చూసుకుని, తరవాతే పిల్ల వీపుకి రాస్తుంది. బొటనవేళ్ళు వెన్నుపూసకి రెండుపక్కలా దిగి, మళ్ళీ పైకి వచ్చేటప్పుడు వత్తవు, తేలిపోతాయి. జయకుమారి దీన్ని అర పేజీ రాసి, ప్రొఫెసరుగారికి అక్కర్లేదనిపించి కొట్టేసింది.

"దా అమ్మీ, కూకో. పుస్తకం తేనేదేటి?"

"రాయడం అయిపోయింది పిన్నీ."

"అయిపోనాదా? ఇంకా సెప్పాల్సినవి బోలెడున్నాయి." ఆమె తల కొంచెం ఎడమవైపు తిప్పి, గొంతు తగ్గించి, "ఆగు నాయినా, పని కానీ, తరవాత మాటాడతాను," అంది. చేతులు ఆగలేదు. పిల్ల కదల్లేదు.

పదకొండేళ్ళ కిందట మూడు రోజుల జ్వరంతో పోయిన ఆమె కొడుకు, ఆరేళ్ళ పౌల్‌రాజుకి ఇప్పుడు పదిహేడు. ఆమె దగ్గర అతను ఆగిపోలేదు. పెరిగాడు.

"ఏమంటున్నాడు?" అంది జయకుమారి. రాసుకోవడానికి కాకుండా అడగడం ఇదే మొదటిసారి అని అన్నాక తోచింది.

"గంజిలో ఉప్పెక్కువయిందంట. నౌపడలో ఉప్పు మళ్ళల్లో పనిసేసినోళ్ళ కడుపున పుట్టి ఉప్పెక్కువయిందంటాడు, సూడు! పూర్తిగా టాటా గుంటడయిపోనాడు. మీసం వత్తంది గదా, నా ముందర సొక్కా మార్సుకోడు."

"నీకు కనిపిస్తాడా పిన్నీ?"

"అదే అడుగుతావు నువ్వు ఎప్పుడూ. ఉన్నోడు కనిపించడమేటే?"

కొడుకు గోరీ మీది సిలువ సంగతి కూడా అడిగింది జయకుమారి మొదటి వారంలోనే. తెలుసు, సమాధి తోటలో మూడో వరసలో ఉంది అంది సవరమ్మ. ఏటేటా వెళ్ళి సున్నం వేస్తుందట. ఎవరితో వెళ్తావు అంటే, రాజూ నేనూ అంది. ఆ మాట దగ్గర జయకుమారి పెన్సిలు చాలాసేపు కాగితం మీదే ఉండిపోయింది. అన్ని పుస్తకాలు చదివింది గాని ఆ ముక్క ఏ శీర్షిక కింద రాయాలో తెలియలేదు. చివరికి ఐదో పేజీలోనే, పిల్లల్ని చూసుకునే తీరు రాసిన చోటే రాసింది.

సవరమ్మ పిల్లకి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ పట్టి, ఉయ్యాలలో కుడివైపు ఒత్తిగించి పడుకోబెట్టింది. ఎడమవైపు పడుకోబెడితే పాలు కక్కుతుందట. జయకుమారి లేచి వస్తూంటే గుమ్మందాకా వచ్చి, "రాంచీలో సలి ఎక్కువంట. రాజు సెప్పాడు. ఉన్ని సెట్టరు కొనుక్కో," అంది.

గురువారం మధ్యాహ్నం రమణిగారు కబురు చేశారు. సంతకం అయిందనుకుని జయకుమారి ఫారం పెట్టుకోవడానికి గట్టి కవరు కూడా తీసుకుని వెళ్ళింది.

వాళ్ళ హాల్లో వట్టివేళ్ళ తడిక మీద నీళ్ళు చల్లి ఉన్నాయి. రమణిగారు జానకిరామ్‌గారి భార్య. ఆమే కుర్చీ జరిపి కూర్చోమని, మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఆగారు. తరవాత బల్లమీది పత్రిక పక్కకి తీశారు. దానికింద పల్చటి నీలం అక్షరాల కాగితాలు ఏడు. నాలుగో కాపీ.

"కూర్మారావుగారు తెచ్చిచ్చారు. తప్పుపట్టకు. పసిపిల్లల విషయం కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయానన్నారు."

"అందులో పేరు లేదండీ," అంది జయకుమారి. ఆ మాట తన నోటినుంచి వస్తూంటేనే దాని తెలివితక్కువతనం ఆమెకి వినిపించింది.

"నౌపడనుంచి ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారమ్మా?"

ఒక్కరే. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకి పేర్లు జీతాల చిట్టాలో మాత్రమే ఉంటాయి. చర్చిలో, కుళాయి దగ్గర, బజార్లో పలాసోళ్ళు, టెక్కలోళ్ళు, సోంపేటమ్మ. సవరమ్మని సవరమ్మ అని పిలిచేవాళ్ళు నలుగురుండరు. ఊరంతటికీ ఆమె నౌపడమ్మే. జయకుమారి ఎవరికీ తెలియని పేరు దాచి, అందరూ పిలిచే పేరు పెద్దక్షరాలతో రాసి, నాలుగు కాపీలు తీయించింది. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి.

"ఐదో పేజీ చదివారా?" అంది.

"మొత్తం రెండుసార్లు చదివాను. నువ్వు బాగా రాశావు." రమణిగారు వ్యంగ్యంగా అనలేదు. "ఆమె చేతుల్లో ఒక్క పిల్లకి కూడా గీరుడు పడలేదని నాకూ తెలుసు. కాని ఇరవైమంది తల్లులు, జయకుమారీ. ఆయాకి చచ్చిపోయిన కొడుకుతో మాటలని తెలిస్తే రేపు ఒక్క రేజా పిల్లని దింపుతుందా? పని మానుకుంటుంది, లేదా ఇటుకల కుప్ప పక్కన పడుకోబెడుతుంది. కిందటేడు అలా పడుకోబెట్టిన పిల్ల ఏమయిందో నీకూ తెలుసు."

తెలుసు. జయకుమారి గ్లాసు అడుగున ఏర్పడ్డ తడి వలయాన్ని వేలితో చెరిపింది.

"నేను దీన్ని చూడనట్టు ఊరుకోలేను. కూర్మారావుగారు చూశారు కదా. కాని ఒక దారుంది." ఆమె నాలుగో కాపీని సరిగ్గా మడిచారు. "ఇది పరీక్ష కోసం నువ్వు కల్పించి రాసింది అని నాకొక ఉత్తరం రాసివ్వు. శనివారం సవరమ్మని కూడా ఒక్క మాట అడిగి, అవునంటే ఫైల్లో పెట్టేస్తాను. అంతటితో అయిపోతుంది."

"రాసిస్తాను."

"ముందు పూర్తిగా విను. నువ్వు కల్పించానని నాకు రాసిచ్చాక, అదే కాగితం నిజమని రాంచీకి పంపుతుంటే మావారు నీ మాటకి పూచీ పడుతూ సంతకం పెట్టలేరు. ఆయన అలాంటివి ఒప్పుకోరు. నేనూ అడగలేను."

వట్టివేళ్ళ తడికలోంచి నీటిచుక్కలు గచ్చుమీద పడుతున్నాయి. జయకుమారి ఖాళీ కవరు ఒళ్ళో పెట్టుకుని, దాని అంచుని గోటితో గీస్తూ కూర్చుంది.

"ఆలోచించుకో. రేపు చెప్పినా ఫరవాలేదు," అన్నారు రమణిగారు.

ఆలోచించడానికి ఏమీ లేదని ఆమెకి గేటు దాటకముందే తెలుసు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఆలోచించవలసి ఉంటే కొంతసేపైనా రాంచీ తనదిగా ఉండేది.

శుక్రవారం ఆమె ఉత్తరం రాసింది. పదిహేను పంక్తులు. మొదటిసారి రాసినదాంట్లో "అతిశయోక్తి" అని రాసి, అది చాలదని చించేసింది. రెండోసారి "కల్పితం" అని రాసింది. ఆ స్త్రీ ఎవరో నాకు తెలియదు, పరీక్షకోసం నేనే పుట్టించాను. ఇంగ్లీషులో ఆ వాక్యం తప్పులు లేకుండా, చాలా శుభ్రంగా వచ్చింది.

విల్సన్ ఆ ఉత్తరాన్నీ చేతులు కడుక్కునే తీసుకున్నాడు. ఏముందో కూతురు చెప్తూంటే విన్నాడు.

"నిజం రాసి, అది అబద్ధమని సంతకం పెడతావా?"

"పెడతాను."

అతను ఏదో అన్నాడు. అతని గొంతు ఎంత తగ్గిందంటే, ఎదురుగా ఉన్న జ్ఞానరత్నం, "ఏటన్నావు?" అని అడగవలసి వచ్చింది.

"స్కూలోళ్ళకి సోమారం కబురెట్టమన్నాను," అన్నాడు.

సాయంత్రం జయకుమారి సిద్ధగోరాదాకా నడిచింది. సవరమ్మకి ముందే చెప్పాలి. పిన్నీ, రేపు నిన్ను పిలుస్తారు, నేను రాసింది ఉత్తదే అను, ఏం అడిగినా ఔనని తలూపు. అంతే. శిశుగృహం తలుపులు తీసి ఉన్నాయి. ఆఖరి పిల్లని ఎత్తుకుని తల్లి వెళ్ళిపోతోంది. సవరమ్మ ఉయ్యాల గుడ్డలు విప్పి మడతలు పెడుతూ, ఒకకొస గాలిలోకి చాపి, "గట్టిగా పట్టుకో, నేలకి తగులుతంది," అంటోంది.

జయకుమారి గేటు పట్టుకుని నిలబడింది. లోపలికి వెళ్ళి ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. నీ గురించి రాసిన కాగితం ఎవరెవరు చదివారో కూడా చెప్పాలి. రేపు చూసుకోవచ్చు, ఒక్క తలూపే కదా అనుకుని వెనక్కి తిరిగింది.

శనివారం పదిగంటలకి శిశుగృహం ముందుగదిలో బల్ల వేశారు. రమణిగారు ఒకవైపు కూర్చున్నారు. మినిట్సు రాయడానికి కూర్మారావు బల్లచివర కూర్చుని, జయకుమారిని చూడకుండా ఉండడానికి పెన్సిలు చెక్కుతున్నాడు. సవరమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. జయకుమారిని చూసి మొహం విప్పారింది.

"నువ్వొచ్చినావేటి అమ్మీ!"

రమణిగారు ఉత్తరం చదివి మడిచి, చాలా మెల్లగా, ప్రతిమాటా విడివిడిగా చెప్పారు. "సవరమ్మా, ఈ అమ్మాయి చదువుకోసం ఒక కాగితం రాసింది. అందులో ఉన్నది నీ గురించని కొందరు అనుకున్నారు. అదంతా ఉత్తదేనని తనే రాసిచ్చింది. నువ్వు కూడా ఔనంటే చాలు. ఇక్కడ వేలిముద్ర వేసి పనిలోకి వెళ్ళిపో."

కూర్మారావు స్యాహీ డబ్బా మూత తీశాడు. సవరమ్మ బొటనవేలు చాపింది. ఏ కాగితం మీదనైనా అడిగితే వేలు చాపడం ఆమెకి అలవాటే. స్యాహీ అంటాక ఆగింది.

"ఏటి రాసిందమ్మగారూ?"

"ఏదో. నీ అబ్బాయి గురించి."

"రాజు గురించా? ఏది ఉత్తది?"

రమణిగారు జయకుమారి వైపు చూశారు. జయకుమారి, "పిన్నీ, వేసెయ్యి, తరవాత నేను చెప్తాను," అంది.

"నువ్వు అతనితో మాట్లాడుతుంటావని రాసింది," అన్నారు రమణిగారు. "అలాంటిదేమీ లేదు, అబ్బాయి పోయాడు, ఇప్పుడు లేడు అని నీకు తెలుసు కదా. ఆ మాట అంటే చాలు."

లోపల ఒక పిల్ల ఏడుపు ఎత్తుకుంది. సవరమ్మ తల తిప్పకుండానే, "సూరమ్మా, ఆకలి కాదది, గుడ్డ తడిసింది, మార్సు," అంది. తరవాత నల్లటి వేలు ఎక్కడా తగలకుండా ఎత్తిపట్టుకుని, జయకుమారిని చూసింది. అందులో కోపం లేదు. లెక్క తేలనివాళ్ళు చూసినట్టు చూసింది.

"ఈ అమ్మి అబద్ధం రాయదమ్మగారూ. అన్నీ అడిగే రాసింది. ఆడేటి తింటాడు, ఏ పక్క పడుకుంటాడు, ఏటంటే కోపమొత్తాది, అన్నీ అడిగింది. పదకొండేళ్ళనించి ఆడెలాగున్నాడని నన్ను ఎవులూ అడగనేదు. సర్చీలో పాస్టరు బావు కూడా అడగనేదు."

"సవరమ్మా, నీ పని నిలబడాలంటే..."

"తెలిసింది అమ్మగారూ. మొద్దుని కాను." ఆమె కొంచెం ఎడమవైపు జరిగి నిలబడింది. "నా ఉజ్జోగం కోసరం ఆడు నేడని నానెలా సెప్తాను? పక్కనుండి ఇంటన్నాడు."

కూర్మారావు పెన్సిలు కింద పెట్టేశాడు. రమణిగారు ఉత్తరం విప్పి, రెండుగా, నాలుగుగా చించి, ముక్కలు తన సంచీలో వేసుకున్నారు. అదే సంచీలోంచి ఫారం తీశారు. "మావారు నిన్ననే పెట్టారు. ఈ ఉత్తరం అవసరం పడకపోతే ఇమ్మన్నారు," అని ఆమె మొహం చూడకుండా జయకుమారి ముందు పెట్టారు. పచ్చసిరాతో జానకిరామ్‌గారి సంతకం. నాకు తెలిసినంతవరకు ఈమె సత్యవాది అన్న అచ్చువాక్యం కింద.

జయకుమారి దాన్ని తీసుకోలేదు. "నేను కల్పించానండీ. ఆ ఉత్తరంలో ఉన్నదే నిజం," అంది.

"అమ్మీ," అంది సవరమ్మ, పిల్లల్ని మందలించే గొంతుతో, "అలాగనకు."

ఆమె స్యాహీ వేలిని కొంగు అంచున తుడుచుకుని లోపలికి వెళ్ళింది. సూరమ్మని ఒక్కో ఉయ్యాల దగ్గరికీ తీసుకెళ్ళి చూపించింది. దీన్ని కుడిపక్కనే పడుకోబెట్టు. ఈడికి పాలు ఒకేసారి పట్టకు, సగం పట్టి భుజాన్నేసుకో. దీనికి సప్పుడుంటేనే నిద్ర, గిన్నెలు తోముకో పక్కన. పదకొండో ఉయ్యాల దాకా అన్నీ చెప్పింది. ఏ పిల్లనీ ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే లేస్తారని కాబోలు. గూట్లోంచి తన టిఫిను డబ్బా, గుడ్డసంచీ తీసుకుని వచ్చేసరికి పదకొండు దాటింది.

"పోస్టాపీసు పన్నెండుకి మూసెత్తారు," అంది బల్లమీది ఫారం తనే తీసి జయకుమారి చేతిలో పెడుతూ. "పద."

దారిలో జయకుమారి ఇంటిదగ్గర ఆగి, కేసు కాగితాలూ ఫారమూ గట్టి కవర్లో పెట్టుకుని, ఇద్దరూ ఎండలో నడిచారు. ఏప్రిల్ చివరి ఎండ. రోడ్డు తారు చెప్పులకి అంటుకుంటోంది.

"పిన్నీ, నేను ముందే అడగాల్సింది. నిన్న వచ్చాను, గేటుదాకా..."

"సూసినాడంట. రాజు సెప్పాడు, అక్క గేటుకాడ నిలబడి ఎల్లిపోయిందని." కొంతదూరం నడిచాక, "అమ్మగారిది తప్పు నేదులే. పిల్లలు ఇటికల కాడ పడుకుంటే ఎలా?" అంది. ఇంకా కొంతదూరం నడిచాక, "ఈసారి ఎవుల్నైనా రాత్తే, ఊరి పేరు మార్సీయ్," అంది.

పోస్టాఫీసు మెట్లదగ్గర జనం ఉన్నారు. రిజిస్టరీ కిటికీకి వరస బయటిదాకా ఉంది. జయకుమారి మెట్టుమీద ఆగింది. కవరు చేతిలో తడిసి మెత్తబడుతోంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే స్కూలుంది, సోమవారం కబురు పెడతారు. ఆమె వెనక్కి తిరిగినంత మాత్రాన సవరమ్మకి రేపు పని ఉండదు. పంపినా ఉండదు. ఏడు పేజీలూ ఇప్పుడు ఎవరికీ మేలూ కీడూ చేయలేని నిజం. దాన్ని మళ్ళీ అబద్ధం చేస్తే మిగిలేది సవరమ్మ మాట కూడా పోవడమే.

"ఎల్లమ్మీ, ఆలీసమయిపోతంది," అంది సవరమ్మ. "మేమిక్కడ ఉంటాం."

కిటికీలో గుమాస్తా కవరు తూచాడు, స్టాంపులు అడిగాడు, ముద్ర కొట్టాడు. ఎక్కడికి అని ఒకసారి చదువుకుని, తలెత్తి ఆమెని చూసి, నవ్వు ఆపుకుని రసీదు చించి ఇచ్చాడు.

ఆమె బయటికి వచ్చేసరికి మెట్లు ఖాళీ అయిపోయాయి. గోడ వెంట సన్నటి నీడ, ఒక మనిషికి సరిపోయేంత. సవరమ్మ డబ్బా, సంచీ పట్టుకుని, ఆ నీడ వదిలి, దాని పక్కన ఎండలో నిలబడి ఉంది. చెమట చెంపలనుంచి కారుతోంది. నీడవైపు తిరిగి ఏదో చెప్తోంది, మెల్లగా, విసుగు లేకుండా.

జయకుమారి మెట్లు దిగి వెళ్ళి, ఆమెకి ఇవతల, ఎండలోనే నిలబడింది.